తొట్టి నిండనీ

“ఒక్క గడియ తాళమని అయ్యవారికి చెప్పక్కా! నీకు పుణ్యముంటాది.”

“తాళేదానికి ముహూర్తమంటే నీ బోరు మోటారా? ఆపి, మళ్లా వేసేదానికి?”

“బొమ్మ నిలిచిపోయిందక్కా. లోపల బావ రెప్ప ఆర్పకుండా చూస్తాండాడు.”

“చూస్తాండాడని నాకు తెలీదా? నిలవదని ఆయన చేతిలో చెయ్యేసి మాటిచ్చింది ఎవురు? నేనా?”

“నేనే. కాదనడంలే. ఆ మాట కోసమే అడుగుతాండా.”

“అరగడియ కూడా లేదు. పిల్ల మెళ్లో తాళి పడే వేళను నీ వైరుకు కట్టేయమంటావా? పో, పొయ్యి నీ పెట్టె సంగతి చూసుకో!”

మా మనవరాలి పెండ్లినాడు, మా ఇంటి పడసాల గడప దగ్గర జరిగిన మాటలివి. నేను గడపకు ఇవతల, వైరాయప్ప అవతల. బయట చప్పరం కింద అయ్యవారు తాళిబొట్టును పెద్దలందరి చేతికీ తాకించి రమ్మని పళ్లెంలో పంపాడు. ఆ పళ్లెం తిరిగి వచ్చేంత సేపే మిగిలింది.

మొన్న గోరంట్ల సంతకు పోయొచ్చిన మా కోడలు సంచి కింద పెట్టకముందే చెప్పింది. “వైరాయప్ప పోయినాడంటత్తా. నిద్దట్లోనేనంట.” నేను వక్కాకు నోట్లో పెట్టుకోబోతూ ఆగాను. ఆయన తలపుకొస్తే ముందుగా నాకు ఈ కొట్లాటే వినపడింది. ఎవరైనా పోతే వాళ్ల మంచిమాటలు గుర్తుకొస్తాయంటారు. నాకు మాత్రం నేను ఆయన్ను తిట్టినవీ, ఆయన నాకు బదులు చెప్పినవీ గుర్తుకొస్తున్నాయి.

ఆయనకు పేరుండేది. ఊర్లో ఎవరూ ఆ పేరుతో పిలవలేదు, నేనూ రాయను. మొదట్లో పైపులాయప్ప అన్నారు, ఆ తర్వాత వైరాయప్ప అన్నారు. మాకు చుట్టమేమీ కాదు. కానీ నన్ను అక్కా అనేవాడు, మా ఇంటాయన్ను బావా అనేవాడు. బావా అని పిలిచాడు కాబట్టి ఆయనతో సరసాలాడే హక్కు తనకుందనుకునేవాడు. నాతో ఆడే ధైర్యం మాత్రం చేయలేదు.

బోర్లలో నీళ్లున్నన్నాళ్లు ఆయన పైపులు పరిచాడు. బోరు నుంచి చేను దాకా నల్లపైపు కలపడం, ఎక్కడ కారుతోందో కనిపెట్టడం ఆయన పని. పైపు మీద అరచెయ్యి ఆనించి కళ్లు మూసుకునేవాడు. కాసేపటికి “వస్తాండాది” అనేవాడు, లేకపోతే “గ్యాపు ఇస్తాండాది” అనేవాడు. మా పక్క బోర్లు అట్లాగే పోస్తాయి. కాసేపు నీళ్లు, కాసేపు వట్టి గాలి. అందుకే తెలివైన రైతు బోరునీళ్లను నేరుగా చేనికి వదలడు. ముందు తొట్టిలోకి పట్టి, తొట్టి నిండాక ఒక్కసారిగా చేనికి మడవ తిప్పుతాడు. ఓపిక లేక ముందే తిప్పినవాడి నీళ్లు సగం కాలువలోనే ఇంకిపోతాయి. “తొట్టి నిండనీ” అన్నది ఆయన నోట్లో ఊతపదమైపోయింది. అన్నం ఇంకా ఉడకలేదా అని పెండ్లాన్ని అరిచేవాడికీ అదే చెప్పేవాడు. కొడుక్కు సంబంధం కుదరలేదని దిగులుపడేవాడికీ అదే చెప్పేవాడు.

తొంభైల చివర్లో వరసగా వానలు ఎగ్గొట్టాయి. ఒక్కొక్క బోరే ఎండింది. పరిచిన పైపులను ఆయనే తవ్వి తీశాడు. నీళ్లు లేని పైపును అరచేత్తో తట్టి, “దీంట్లో ఇంగ గాలి కూడా ల్యా” అన్నాడట ఒక చేనిలో. ఆ మరుసటేడు తన మిద్దె మీద పెద్ద గొడుగు లాంటి తట్టను తిరగేసి నిలబెట్టి, ఆకాశం నుంచి బొమ్మ దింపి, ఇంటింటికీ వైరు లాగడం మొదలుపెట్టాడు. పని మారిందే కానీ చెయ్యి మారలేదు. వైరు మీద కూడా అరచెయ్యి ఆనించి కళ్లు మూసుకునేవాడు.

“పైపులో నీళ్లు చేతికి తెలుస్తాయి సరే. వైరులో ఏం తెలుస్తాదప్పా?” అని అడిగానొకసారి.

“ఏమీ తెలీదక్కా. చెయ్యి పెట్టకపోతే నాకు దిగులు, అంతే.”

వీధి వెంట నడవడం ఆయనకు రాదేమో అనిపించేది. మిద్దె మీది నుంచి మిద్దె మీదికి పోయేవాడు. తలకు తువ్వాలు చుట్టి, అందులో కటింగ్ ప్లేయరు దోపుకునేవాడు. అది ఉండగా కూడా వైరు పైతోలు పళ్లతోనే ఒలిచేవాడు. ముందుపన్ను ఒకటి అందుకే కోసుగా విరిగింది. చెప్పులు కిందే విడిచి ఎక్కేవాడు. మా మిద్దె మీద నేను చింతపండు ఆరబెడితే దాని మధ్యగా దాటిపోయేవాడు, ఒక్క పండు నలిగేది కాదు. పైనుంచి ఊరి దొడ్లన్నీ కనపడతాయి. ఎవరింట్లో ఎవరు అలిగి పడుకున్నారు, ఎవరు ఎవరితో మాట్లాడుతున్నారు, అన్నీ తెలిసే ఉంటాయి. ఆడవాళ్లు ఊరుకుంటారా, అడిగేవారు. “పైన చూసినది పైనే. కిందికి దిగితే నాకు కండ్లుండవు” అనేవాడు. ఆ ఒక్క గుణానికే నేను ఆయన్ను మా గడప తొక్కనిచ్చాను.

ఇంకొక పట్టుదల ఉండేది. బొమ్మ పడేదాకా ఆ ఇంట్లో పచ్చినీళ్లు ముట్టడు. ఎండలో నిలబడి నోరు పిడచకట్టినా సరే, చెంబు చేతికిచ్చినా పక్కన పెడతాడు. పైపుల కాలం నుంచీ ఉన్న నియమమిది. “వాళ్ల చేనికి నీళ్లు రాకముందే వాళ్ల నీళ్లు నేనెట్ల తాగేది?” అనేవాడు. నేను ఏ ఇంట్లోనూ రెండోమాటు అడిగి పెట్టే మనిషిని కాను. వద్దన్నవాడికి వద్దు. అందువల్ల ఆయన మా ఇంట్లో ఎండకు మాడిన రోజులే ఎక్కువ.

ఆ తర్వాత కొన్నేళ్లకు మా ఇంటాయన చేనిగట్టు మీద జారి పడ్డాడు. తుంటి విరిగింది. కాలికి తాడుకట్టి, మంచం కోడుకు బరువు వేలాడదీసి, కదిలించొద్దని చెప్పాడు డాక్టరు. ఊరంతా తిరిగే మనిషి లోపలి గదిలో సీలింగు చూస్తూ పడుకున్నాడు. చెక్కభజనలో ఆయన ముందు నిలబడి అడుగేస్తే వెనకాల గుంపంతా ఆ అడుగే వేసేది. ఇప్పుడు కాలిబొటనవేలు కదిలిస్తే నేను కసురుకోవాల్సి వచ్చేది.

మా కొడుకు ఆయన కోసం ఒక పెద్ద టీవీ తెచ్చి లోపలి గదిలో పెట్టాడు. పడసాలలో కంప్యూటరు పెట్టాడు. చెక్కభజన గుంపును కొత్తరకం కెమెరాతో తీయించి అందులోకి ఎక్కించాడు. ఆ కంప్యూటరులోని బొమ్మ లోపలి టీవీకి పోవాలి. గాలిలోనే పోతుందన్నాడు. మా ఇంటి రాతిగోడలు మూరెడు మందం. గాలి వరకు పోతుందేమో, బొమ్మ పోలేదు. వైరాయప్పను పిలిచారు.

ఆయన రెండుసార్లు ఇల్లంతా తిరిగి గోడలు తట్టి చూశాడు. “మామూలు బొమ్మయితే సన్న వైరు సాలు. ఇది లావు బొమ్మ. బావకు ఒక కంటికి పొర ఉండాది, మసక బొమ్మ పనికిరాదు. లావు బొమ్మకు లావు దారి కావాల” అన్నాడు. పడసాలలో ఒక పెట్టె, దాని నుంచి వైరు, లోపల టీవీ కింద ఒక నల్ల డబ్బా. మొదటిరోజు బొమ్మ కదలడం, ఆగడం, కదలడం, ఆగడం. మా కొడుకు విసుక్కున్నాడు.

“గ్యాపు ఇస్తాండాది. ఏమీ కాదు. ముందు తొట్టి నిండనీ. డబ్బాలో కొంచెం చేరినాక వదులుదాం” అన్నాడు ఆయన. అట్లాగే చేస్తే బొమ్మ ఆగకుండా పారింది. మా ఇంటాయన టీవీలో తన గుంపును చూసి, “అబ్బ! వాని మూతి మీద చెమట కూడా కనపడతాండాది! అడుగు తప్పేసినాడు సూడు, దొంగనాయాలు!” అని నవ్వాడు. పడ్డప్పటి నుంచి నవ్వడం అదే మొదలు. వైరాయప్ప అప్పుడు చెంబు ఎత్తి నీళ్లు తాగాడు.

ఆ పెట్టెతోనే నాకూ ఆయనకూ వైరం మొదలైంది. దానికి ముందు వైపు పచ్చటి కళ్లు. ఎవరు చూసినా చూడకపోయినా మిటకరిస్తూనే ఉంటుంది. వాడనిది వెలగకూడదన్నది నా లెక్క. టీవీ ఆపగానే దాని మీట కూడా ఆర్పేదాన్ని. మళ్లీ వేసినప్పుడు అది ఒళ్లు విరుచుకుని లేచేసరికి మా ఇంటాయన ఓపిక పోయేది. వైరాయప్పకు కబురు పోయేది.

“మళ్లా ఆర్పినావా అక్కా?”

“ఆర్పినా. ఎవురూ చూడనప్పుడు అది యాల మేలుకోని ఉండల్ల?”

“అది కరెంటు చీమంత తాగుతాది, అంతే.”

“చీమంతే కదాని ఊరుకుంటే బెల్లంకుండ ఖాళీ అయ్యేది చీమలకే.”

“బావకు తడవు పడుతాది కదా.”

“మీ బావ పుట్టినకాడి నుంచీ దేనికీ తొందరపళ్లేదు. ఇప్పుడేం తొందర?”

లోపలి గది నుంచి మా ఇంటాయన కేకవేసేవాడు. “మీ అక్క నన్ను కూడా ఆర్పేసేదే, మీట యాడుండాదో తెలీక ఊరుకునింది!”

ఇట్లా ఎన్నిసార్లో. నేను ఆర్పడం మానలేదు. అది తప్పని ఇప్పుడూ అనుకోను.

మనవరాలి పెండ్లి మా ఇంటాయన పడకముందే కుదిరింది. పిల్లకు నడక నేర్పింది ఆయనే, బడికి భుజాన మోసింది ఆయనే. పెండ్లి వాయిదా వేద్దామని కొడుకు అంటే ఆయన ఒప్పుకోలేదు. “నా తుంటి కోసం పిల్ల ముహూర్తం ఆపుతారా? జరగనీండి. అయితే తాళి కట్టేటప్పుడు నా కండ్లు చూడల్ల, నా చేత్తో అక్షింతలు పడల్ల. ఆడ పడకపోతే ఈడన్నా పడల్ల” అన్నాడు. మంచాన్ని ఎత్తి బయటికి మోద్దామంటే గది తలుపు లోంచి మంచం పట్టదు. బరువు విప్పొద్దని డాక్టరు మాట.

అప్పుడే వైరాయప్ప అన్నాడు. “బావ పెండ్లికాడికి పోలేకపోతే పెండ్లినే బావకాడికి పంపిస్తా.”

“పెండ్లిని పైపులో పారిస్తావా?” అన్నాను నేను.

“పారిస్తా. వీడియో అతని కెమెరా నుంచి కంప్యూటరుకు, కంప్యూటరు నుంచి పెట్టెకు, పెట్టె నుంచి బావకు. తాళి, మెళ్లో పడే మూడుముళ్లు, ఆ ముడి మీద పసుపు కూడా కనపడతాది.” మా ఇంటాయన చెయ్యి పట్టుకుని చేతిలో చెయ్యేశాడు. “నిలవదు బావా. నాది పూచీ.”

పిల్ల తలుపు దగ్గర నిలబడి విన్నది. “తాతకు కనపడుతుందని నాకెట్ల తెలిసేది?” అని వైరాయప్పను అడిగింది.

“నేను చప్పరం గుంజ కాడ నిలబడతా. తలగుడ్డ తీసి భుజాన వేసుకున్నానంటే మీ తాత చూస్తాండాడని గుర్తు.”

“అది చూసేదాకా నేను తల ఒంచను” అంది అది. తాత పోలికే, ఒకసారి అంటే అన్నట్టే.

పెండ్లి కోసం వైరు మళ్లీ లాగాడు. చుట్టాల పిల్లలు పడసాలలో పెట్టెను ముట్టకుండా ఉండాలని దానికి వేరే చోటు చూశాడు. వంటింటి పక్క రేకుల కొట్టంలో ఎత్తుగా ఒక అటక ఉంది. అక్కడ పెట్టాడు. “నీళ్లయినా బొమ్మయినా మిట్ట నుంచి పల్లానికి బాగా పారుతాది అక్కా” అన్నాడు. నాకూ ఆ మాట సరిగ్గానే తోచింది. బోరు తొట్టిని ఎప్పుడూ మిట్ట మీదే కడతారు. ముందురోజు సాయంత్రం చల్లటివేళ వేసి చూస్తే చప్పరంలో ఎగిరే పిచ్చుక కూడా లోపల టీవీలో ఎగిరింది. మా ఇంటాయన తృప్తిగా నిద్రపోయాడు.

ముహూర్తం ఎండ నడినెత్తికి వచ్చేవేళకు. మా ఎండలు తెలిసినవాళ్లకు చెప్పక్కరలేదు, తెలియనివాళ్లకు చెప్పినా తెలియదు. కరెంటును నమ్మక జనరేటరు పెట్టించాం. లోపలి గదిలో మా ఇంటాయనకు తల దువ్వి, కొత్త పంచె కప్పి, కుడిచేతిలో అక్షింతలు పోశాను. “ఇప్పుడే వేయొద్దు, పిడికిట్లో పట్టుకో” అన్నాను. “నాకు చెప్తావా?” అన్నాడు. టీవీలో చప్పరం అరచేతిలో పెట్టినట్టు కనపడుతోంది. బయట జరిగినది లోపలికి కాస్త వెనకగా వచ్చేది. బయట సన్నాయి ఆగినా టీవీలో సన్నాయి అతను ఇంకా బుగ్గలు పూరిస్తూ ఉండేవాడు. అది తొట్టి నిండే తడవని వైరాయప్ప ముందే చెప్పాడు.

పెండ్లికొడుకు స్నేహితులు ఇద్దరు చిన్న కంప్యూటరు పట్టుకుని పడసాలలోకి వచ్చి, తమ వైరు కూడా తగిలించాలన్నారు. వైరాయప్ప చేతులు బార్లా చాపి అడ్డం నిలబడ్డాడు.

“కొంచెంసేపే అంకుల్.”

“ఈ పొద్దు వంతు మా బావది. నీళ్లు తక్కువున్న ఊర్లో ఒకరి వంతులో ఇంకొకరు మడవ తిప్పితే తలలు పగుల్తాయి, తెలుసునా?”

వాళ్లు నవ్వుకుంటూ పోయారు. ఆయన నవ్వలేదు. గుంజ దగ్గరికి పోయి నిలబడ్డాడు. తలగుడ్డ భుజాన వేసుకున్నాడు. పిల్ల పీట మీది నుంచి చూసి, చూపు దించుకుంది.

జీలకర్ర బెల్లం పెట్టారు. అది లోపల కనపడింది. తాళిబొట్టు పళ్లెం పెద్దల మధ్య తిరగడం మొదలైంది. అంతలో లోపలి నుంచి మా ఇంటాయన కేక. “నిలిచిపోయిందిరా!”

వైరాయప్ప పరుగున లోపలికొచ్చి టీవీ చూశాడు. నల్ల డబ్బా చూశాడు. వైరు మీద చెయ్యి ఆనించాడు. తర్వాత కొట్టం వైపు పోయి అటక ఎక్కాడు. నేను కింద నిలబడి ఉన్నాను. రేకులు కణకణ కాగుతున్నాయి, కిందికే ఆవిరి కొడుతోంది. “అగ్గి మాదిరుండాది. ఒక్క కన్నూ వెలగడంలే” అని పైనుంచి అన్నాడు. దిగి చప్పరంలోకి ఉరికాడు, అయ్యవారి దగ్గరికే పోబోయాడు. ఏ మగవాళ్లు ఆపారో, తిరిగి నా దగ్గరికొచ్చాడు. అప్పుడు జరిగిందే ఆ కొట్లాట.

అయ్యవారు తల ఒంచమన్నాడు. పిల్ల ఒంచలేదు. గుంజ దగ్గర మనిషి లేడు. తలెత్తి అటూ ఇటూ వెదుకుతోంది. పెండ్లికొడుకు తాళి పట్టుకుని నిలబడ్డాడు. మేళం వాళ్లు డోలు మీద చేతులు ఎత్తి ఉంచారు. చుట్టాలు ఒకరి మొహం ఒకరు చూసుకుంటున్నారు. పిల్ల చూపు తిరిగి తిరిగి గడప దగ్గర నా మీద పడింది.

నేను తల ఊపాను. తాత చూస్తున్నాడని చెప్పలేదు. తల ఒంచమని చెప్పాను. అది ఒంచింది.

నేను అక్కడ నిలబడలేదు. లోపల ఆయన ఒక్కడే ఉన్నాడు. వెనుదిరిగి నడిమింట్లోకి వచ్చేసరికి గట్టిమేళం మోగింది. మూరెడు గోడల్లోంచి కూడా ఆ మోత వచ్చి గదిలో పడింది.

టీవీలో పిల్ల మొహం, నిలిచిపోయి, పెద్దదిగా. కనుబొమల మధ్య చిన్న ముడత కూడా కనపడుతోంది. మా ఇంటాయన పిడికిలి గాలిలో ఉంది. మేళం మోగుతున్నంతసేపూ ఉంది. ఆగాక మెల్లగా పంచె మీదికి దిగింది.

“అయిపోయినాది కదా?”

“అయింది” అన్నాను. అబద్ధం చెప్పే అలవాటు మాకు లేదు.

“నువ్వన్నా చూసినావా?”

“లే. ఈడికే వస్తాంటి.”

ఆయన మొహం గోడ వైపు తిప్పుకున్నాడు. కాలి బరువు తాడు కిర్రుమంది. నేను మంచం పట్టె మీద కూర్చున్నాను.

అప్పుడు వైరాయప్ప వచ్చాడు. తలగుడ్డలో పెట్టెను చుట్టి, కాలుతున్న కుండలాగా ఒక చేతి నుంచి ఇంకొక చేతికి మార్చుకుంటూ వచ్చాడు. గదంతా కలయజూశాడు. మూలన కడవల కింద తడి ఇసుక ఉంటుంది, మా ఇంట్లో అంతకన్నా చల్లటి చోటు లేదు. ఒక కడవ పక్కకు జరిపి, ఇసుక మీద పళ్లెం బోర్లించి, దాని మీద పెట్టెను పెట్టాడు. వైరు కోసి, పళ్లతో ఒలిచి, మళ్లీ కలిపాడు. పెదవి తెగి రక్తం వచ్చింది, తుడుచుకోలేదు. విసనకర్ర తీసి చంటిబిడ్డకు విసిరినట్టు దానికి విసిరాడు.

“ఇంగ యాలప్పా కష్టం? పోయి బువ్వ తిను. అయిపోయింది కదా” అన్నాడు మా ఇంటాయన గోడ వైపు నుంచే.

“బయట అయిపోయింది బావా. ఈడికి ఇంగా రాలే.”

“వెటకారమా?”

“నీ మీద ఒట్టు. ఇంతసేపూ కంప్యూటరులో చేరతానే ఉండాది. అదే మన తొట్టి. ఒక్క చుక్క కింద పోలే. దారి తెగింది, అంతే.”

పెట్టెకు ఒక కన్ను ఎర్రగా తెరుచుకుంది. ఆరింది. ఎన్నోసార్లు నా చేతులారా ఆర్పిన ఆ కళ్లు ఒక్కటొక్కటిగా పచ్చబడేదాకా కూర్చుని చూశాను. ఆయన వైరు మీద అరచెయ్యి ఆనించి, కళ్లు మూసుకున్నాడు.

“వస్తాండాది” అన్నాడు.

నల్ల డబ్బా మీట నొక్కి ఎక్కడ తెగిందో అక్కడికి తిప్పాడు. టీవీలో పిల్ల తల తిప్పింది. అటూ ఇటూ వెదికింది. ఆ చూపు ఒకచోట నిలిచింది. అది గడప దగ్గర నా మీద నిలిచిన చూపని ఆ గదిలో నాకు ఒక్కదానికే తెలుసు. పిల్ల తల ఒంచింది.

మా ఇంటాయన పిడికిలి మళ్లీ లేచింది. నోరు ఊరుకోలేదు నాకు.

“తాళి పడినాక, వేళ దాటినాక అక్షింతలకు ఫలమేముంటాదప్పా?”

వైరాయప్ప కళ్లు తెరవకుండానే అన్నాడు. “బావకు ఇప్పుడే కడతాండారక్కా.”

గట్టిమేళం మోగింది, ఈసారి టీవీలోంచి. బయట అప్పటికే బంతులు కూర్చున్నాయి, ఆకులు వేసే చప్పుడు, సాంబారు కేకలు వినపడుతున్నాయి. ఆ చప్పుడు మాకు పట్టలేదు. పెండ్లికొడుకు చేతులు పిల్ల మెడ వెనక్కి పోయాయి. మొదటి ముడి. పసుపు దారం మీద తడి కూడా కనపడింది. మా ఇంటాయన అక్షింతలు విసిరాడు. టీవీ అద్దానికి తగిలి గింజలు టపటపా రాలాయి. నా కొంగు చివర నేను ముడివేసుకున్నవి ఉన్నాయి, చప్పరంలో వేద్దామని పెట్టుకున్నవి. ముడి విప్పి నేనూ వేశాను.

వైరాయప్ప చెయ్యి వైరు మీదే ఉంది. మొహం మాత్రం కడవల వైపు తిప్పుకుని ఉన్నాడు.

అంతా అయ్యాక మా ఇంటాయన “పోప్పా, బంతిలో కూసో” అన్నాడు. నేను చెంబుతో నీళ్లు ఇచ్చాను. ఆయన అందుకోలేదు.

“వేళకు రాలే కదక్కా. మాట తప్పినా.”

“వచ్చింది కదా!”

“వేళకు రాలే” అని, పెరట్లోంచి మిద్దె ఎక్కి, మిద్దెల మీదుగానే వెళ్లిపోయాడు. నేను రెండోమాటు అడగలేదు. వద్దన్నవాడికి వద్దు. ఆయన వంతు తీపి ఓళిగలు మాత్రం గిన్నెలో పెట్టి మూతవేశాను.

తెల్లారి అత్తగారింటికి బయల్దేరే ముందు పిల్ల గదిలోకొచ్చి తాత కాళ్లు తాకింది. బయట నన్ను పట్టుకుని అడిగింది. “తాత చూసినాడా అవ్వా?”

“చూసినాడు” అన్నాను. ఎప్పుడని అది అడగలేదు.

బండ్లు వెళ్లిపోయాక వైరాయప్ప నిచ్చెన తీసుకుని వచ్చాడు. చప్పరానికి కట్టిన వైరు విప్పి, మోచేతికీ బొటనవేలికీ మధ్య తాడులాగా చుట్టాడు. లోపలి గదిలోకొచ్చాడు. మా ఇంటాయన టీవీ చూస్తున్నాడు. పిల్ల తల ఒంచుతోంది. టీవీ కాళ్ల దగ్గర అక్షింతలు అట్లాగే పడి ఉన్నాయి, నేను ఇంకా ఊడ్చలేదు. పెట్టె కడవల పక్కన ఇసుక మీద మిటకరిస్తోంది.

“దీన్ని పడసాలలో పాతచోటనే పెడతా అక్కా” అని ఆయన ఒంగి మీట మీద చెయ్యి వేశాడు.

“ఉండనీ” అన్నాను.

ఆయన నా వైపు చూసి చెయ్యి తీశాడు. నేను ఆకు వేసి, గిన్నె మూత తీసి ఓళిగలు పెట్టాను. ఆయన తలగుడ్డ విప్పి భుజాన వేసుకుని, ముందు చెంబెడు నీళ్లు తాగి, ఆకు ముందు కూర్చున్నాడు.